బోనస్ కెమెరాలో మిగిలిన ఊరు

ఇల్లు రైల్వేది, వీధి రైల్వేది. రిటైరైతే రెండూ వదలాలి. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలకు మిగిలేవి ఐదారు వేల రూపాయల చిన్న కెమెరాతో తీసుకున్న ఫొటోలే. ఇప్పుడు అవీ చేజారుతున్నాయి.

ఖరగ్‌పూర్ జంక్షన్‌లో తొలిసారి చిన్న కెమెరా చేతికందిన వారెవరైనా చేసే పని ఒకటే. ప్లాట్‌ఫాం మొత్తాన్ని ఒకే ఫొటోలో ఇమడ్చాలని చూడటం. అది జరిగే పని కాదు. 1, 3 నంబర్లు కలిసిపోయి సాగే ఆ ప్లాట్‌ఫాం పొడవు 1,072.5 మీటర్లు. ఒక చివర నిలబడి తీస్తే రెండో చివర ఎండలో కరిగిపోతుంది. జూమ్ నొక్కితే దూరాన ఉన్న సిగ్నల్ స్తంభం దగ్గరికొస్తుంది కానీ పక్కనున్న టీ కొట్టు తప్పుకుంటుంది. రెండు మూడు ప్రయత్నాల తర్వాత అందరూ రాజీ పడతారు. స్టేషన్ పేరు రాసిన పసుపు బోర్డు ముందు కుటుంబాన్ని నిలబెట్టి క్లిక్‌మనిపిస్తారు.

ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఇదేనని జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు ఏళ్ల తరబడి వల్లె వేయించాయి. 2013లో గోరఖ్‌పూర్ 1,366.33 మీటర్లతో ఆ రికార్డు లాగేసుకుంది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటేసింది. రికార్డు పోయినా బోర్డు ముందు తీసుకున్న ఫొటోలు మాత్రం వేల ఇళ్లలో ఉన్నాయి. ఆ ఫొటోల్లో ఒక చిత్రం గమనించదగ్గది. బోర్డు మీద ఊరి పేరు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. దాని ముందు నిలబడి నవ్వుతున్న కుటుంబం ఇంట్లో మాట్లాడేది తెలుగు.

ఈ ఊరికి తెలుగువాళ్లు రైలుతో పాటే వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయ్యాక ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు దారి సుగమమైంది. 1902లో తూర్పు తీర రైలుమార్గం ఉత్తర భాగం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర పల్లెల్లో కరువొచ్చినా, కమతం చిన్నదైనా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఒక దారిగా కనిపించింది. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వచ్చినవారి పిల్లలు, మనవలు ఇక్కడే పుట్టి పెరిగారు. మథురాకాటి, నింపురా, గోల్‌ఖులీ వీధుల్లో నేటికీ శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. అందులో బెంగాలీ, హిందీ మాటలు పోపు గింజల్లా తగులుతుంటాయి.

ఆ తరాల వారు చేసినవి చిన్న పనులేమీ కాదు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సాగించిన సమ్మె దేశ కార్మికోద్యమ చరిత్రలో ఒక అధ్యాయం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నేతగా ఎదిగిన వరాహగిరి వెంకటగిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. అయినా ఆనాటి కార్మికుల ఫొటో ఒక్కటి వారి వారసుల ఇంట్లో దొరకడం గగనం. నాయకుల పేర్లు పుస్తకాలకెక్కాయి. సమ్మె రోజుల్లో జీతం లేకుండా ఇల్లు నడిపిన ఇల్లాలి ముఖం ఎలా ఉండేదో ఆమె మునిమనవలకు తెలియదు. కెమెరా అప్పట్లో దొరల వస్తువు.

రీలు నాటి పొదుపు

తర్వాతి కాలంలో స్టూడియోలు వచ్చాయి. పెళ్లికి, పిల్లాడి పుట్టు వెంట్రుకలకు, రిటైర్మెంటుకు ఫొటోగ్రాఫర్‌ను పిలవడం అలవాటైంది. రీలుకు 36 ఫొటోలు. రీలు ఖర్చు, కడిగించడం, ప్రింట్లు కలిపితే మధ్యతరగతి ఇంటి వారం రోజుల కూరగాయల డబ్బు. అందుకే రీలు పెట్టిన రోజున ఇంటి పెద్ద లెక్క చెప్పేవాడు. పెళ్లికి ఇన్ని, తిరుగు ప్రయాణానికి ఇన్ని, చివరి రెండూ దేవుడి గదికి. వంటింట్లో అమ్మను, పెరట్లో మామిడి చెట్టును, తలుపు మీద తెల్ల రంగుతో రాసిన క్వార్టర్ నంబరును ఫొటో తీయాలని ఎవరికీ తోచేది కాదు. తోచినా దండగ అనిపించేది.

ఆ లెక్కను డిజిటల్ కెమెరా తిరగరాసింది. అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ 1975లో తయారు చేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైనే. 0.01 మెగాపిక్సెల్ సామర్థ్యంతో ఒక్క ఫొటోను క్యాసెట్‌లోకి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 30 ఏళ్లు తిరిగేసరికి ఆ యంత్రం చొక్కా జేబులో పట్టేంత చిన్నదై గోల్‌బజార్ దుకాణాల గాజు బీరువాల్లోకి చేరింది. ధర తొలుత పది, పదిహేను వేలు. ఆ దశాబ్దం ముగిసేనాటికి ఐదారు వేలకు దిగింది.

సరిగ్గా అదే సమయంలో రైల్వే ఇళ్లలోకి డబ్బు వచ్చింది. ఆరో వేతన సంఘం సిఫార్సులకు 2008లో ఆమోదం లభించింది. కొత్త జీతాలను 2006 జనవరి 1 నుంచి లెక్కగట్టి బకాయిల్లో 40 శాతం 2008-09లో, మిగతా 60 శాతం 2009-10లో చెల్లించారు. దానికి తోడు ఏటా దసరా ముందు వచ్చే బోనస్ ఉండనే ఉంది. 2011, 2012 దసరాలకు ప్రకటించిన బోనస్ 78 రోజుల వేతనం. వినడానికి ఘనంగా ఉన్నా, నెల జీతాన్ని 3,500 రూపాయలుగానే లెక్కించాలన్న పరిమితి వల్ల చేతికందే గరిష్ఠ మొత్తం 8,975 రూపాయలు. బైకుకు చాలదు, చీరలకు ఎక్కువ. ఒక చిన్న కెమెరా, మెమొరీ కార్డు, పౌచ్ కొని పిల్లలకు బట్టలు కూడా తీయడానికి సరిపోయే మొత్తం అది. ఆ కెమెరాలకు బోనస్ కెమెరాలన్న పేరు ఎవరూ పెట్టకపోయినా సరిగ్గా అతికేది.

సెల్లులు, చీకటి, సహనం

చవక కెమెరా కొన్న తొలి వారంలోనే దాని అసలు గుణం తెలిసిపోయేది. కెమెరా ధర తక్కువే, దాని ఆకలి ఎక్కువ. రెండు పెన్సిల్ సెల్లులతో నడిచే మోడళ్లలో గోడ గడియారానికి వేసే మామూలు సెల్లులు వేస్తే పది, పదిహేను ఫొటోలకే ప్రాణం వదిలేవి. లెన్స్ బయటకు రావడానికి, ఫ్లాష్ నిండటానికి ఒక్కసారిగా కావాల్సినంత కరెంటు అవి ఇవ్వలేవు. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం రీఛార్జబుల్ సెల్లులు 1.2 వోల్టులే అయినా ఆ భారాన్ని నిలకడగా మోస్తాయి. ఈ సంగతి తెలిసిన ఇళ్లలో టీవీ పక్కన ప్లగ్గుకు చార్జర్ వేలాడుతూ ఉండేది. తెలియని ఇళ్లలో కెమెరా పాడైందన్న నింద పడేది.

కార్డుతో మరో చిక్కు. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ కార్డులను అంతకు ముందటి కెమెరాలు చాలావరకు గుర్తించవు. 2 జీబీ దాటిన కార్డు పెడితే తెర మీద ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ ప్రత్యక్షం. షట్టర్‌దీ ఒక సతాయింపే. బటన్ నొక్కిన క్షణానికి, ఫొటో పడే క్షణానికి మధ్య తేడా ఉంటుంది. కదిలే రైలును తీయబోతే ఇంజన్ వెళ్లిపోయి రెండో బోగీ పడుతుంది. ముందే బటన్‌ను సగం నొక్కి ఫోకస్ కుదిరాక, ఇంజన్ రాగానే పూర్తిగా నొక్కాలన్న కిటుకు ట్రాక్ పక్కన పెరిగిన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష చీకటి. ఈ కెమెరాల్లో కాంతిని పట్టే సెన్సర్ సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల ఎత్తు. పాత రీలులోని ఒక్కో ఫ్రేముతో పోలిస్తే దాదాపు 35 రెట్లు చిన్నది. పగటిపూట ఆ లోటు కనిపించదు. దసరా రాత్రి మైదానంలో రావణ దహనం తీయబోతేనే బయటపడుతుంది. ఫ్లాష్ వెలిగితే ముందు వరుసలోని తలలు తెల్లగా మెరుస్తాయి, రావణుడు నల్లగా మిగులుతాడు. ఫ్లాష్ ఆపితే పది తలలూ అలుక్కుపోయి ఒకే మంటగా కనిపిస్తాయి. కెమెరాను గోడ మీద ఆనించి, బాణసంచా మోడ్ పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కినవారికే మంచి ఫొటో దక్కేది.

తెలుగువారి మాత పూజల్లో మరో రకం తిప్పలు. వేసవి ముందు వచ్చే ఆ ఉత్సవాల్లో ఆడవాళ్లు పసుపు రాసుకుని, తల మీద ఘటాలు ఎత్తుకుని, వేపాకులతో వీధుల వెంట నడుస్తారు. విజయనగరం పైడితల్లి నుంచి ఊళ్లో శీతలా మాత దాకా అమ్మవార్లంతా ఇక్కడ ఇరుగుపొరుగులే. ట్యూబులైట్ల కింద కెమెరాను ఆటోలో వదిలేస్తే పసుపు ముఖాలు ఆకుపచ్చగా వచ్చేవి. వైట్ బ్యాలెన్స్ మార్చాలని తెలిసిన కుర్రాడు ఆ వీధికి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యేవాడు.

సెప్టెంబర్‌లో విశ్వకర్మ పూజ వచ్చిందంటే రైల్వే వర్క్‌షాపుల్లో మామూలు రోజుల కఠినత్వం కాస్త సడలుతుంది. నాన్న రోజూ ఎక్కడికి వెళ్తాడో, ఏ యంత్రం ముందు నిలబడతాడో ఇంటిల్లిపాది చూడగలిగేది ఆ పండగ పుణ్యమే. పూలదండ వేసిన లేత్ మిషన్ పక్కన, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి నిలబడ్డ నాన్న. చవక కెమెరాలు తీసిన వాటిలో బహుశా అన్నిటికన్నా విలువైన ఫొటో అదే. నూరేళ్లలో ఎవరూ తీయించుకోలేకపోయిన ఫొటో.

నాలుగు నెలల గడువు

ఈ ఫొటోలకు అంత విలువ ఎందుకో తెలియాలంటే రైల్వే క్వార్టర్ల నిబంధన ఒకటి తెలియాలి. రిటైరైన ఉద్యోగి మామూలు అద్దెతో నాలుగు నెలలు క్వార్టర్‌లో ఉండొచ్చు. తగిన కారణం చూపితే రెట్టింపు అద్దెతో మరో నాలుగు నెలలు. ఆ తర్వాత ఖాళీ చేయాల్సిందే. పిల్లలు పుట్టిన ఇల్లు, పెంచిన మామిడి చెట్టు, గోడకు కొట్టిన మేకులతో సహా వేరొకరి పేరు మీదికి మారిపోతాయి. కొందరు తాల్‌బాగిచా వంటి చోట్ల స్థలం కొనుక్కుని స్థిరపడ్డారు. కొందరు సొంత జిల్లాకు తిరిగి వెళ్లారు. మరికొందరు ఉద్యోగాల్లో ఉన్న పిల్లల వెంట హైదరాబాద్‌కో బెంగళూరుకో తరలిపోయారు.

సొంత ఊరి వైపు బదిలీ కూడా తేలిక కాదు. ఒకప్పుడు ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే పూర్తిస్థాయిలో మొదలవడంతో వాల్తేరు అందులోకి వెళ్లింది. కోరుకుని వేరే జోన్‌కు మారేవారు సీనియారిటీ వదులుకుని జాబితా అడుగున చేరాలి. దాంతో చాలామంది సర్వీసంతా ఇక్కడే గడిపేశారు. సెలవుల్లో పాస్ మీద ఊరెళ్లినప్పుడు వారి సంచిలో కెమెరా తప్పనిసరిగా ఉండేది. రెండున్నర అంగుళాల తెర మీద క్వార్టర్‌ను, పెరడును, పూజా పందిరిని చూపిస్తుంటే చుట్టాలు ఒకరి చేతిలోంచి ఒకరు కెమెరా అందుకుని చూసేవారు. తాతల ఊరికి మనవలు తమ ఊరిని పరిచయం చేసిన తీరు అది.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు ఫొటోలు ప్రత్యేకం. సామాను లారీకి ఎక్కాక బోసిపోయిన గదులను ఒక్కొక్కటిగా తీస్తారు. దేవుడి అరలో మిగిలిన కుంకుమ మరక. పిల్లల ఎత్తు కొలిచి గీసిన తలుపు చట్రం. చివరగా తలుపు మీది నంబరు. ఈ ఫొటోల్లో మనుషులు ఉండరు. రీలు రోజుల్లో ఇలాంటి వాటికి ఒక్క ఫ్రేము కూడా ఖర్చు పెట్టేవారు కాదు.

తప్పుడు తేదీల చరిత్ర

ఇంత తీసినా దక్కిందెంత అన్నదే అసలు ప్రశ్న. చవక కెమెరా ఫొటో తీయడాన్ని ఉచితం చేసింది, దాచడాన్ని కష్టం చేసింది. రీలు రోజుల్లో ఫొటో అంటే కాగితం, దాని వెనుక నెగెటివ్. డిజిటల్ వచ్చాక ప్రింట్లు వేయించడం తగ్గిపోయింది. కార్డు నిండగానే స్టూడియోకు వెళ్లి సీడీలోకి ఎక్కించుకుని, కార్డు ఖాళీ చేసి మళ్లీ తీసేవారు. ఆ సీడీలు బీరువాల్లో, బెంగాల్ తేమలో పదిహేనేళ్లు గడిపాయి. కొన్నింటి పూత పెచ్చులూడింది. బాగున్న వాటిని చదవడానికి కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే లేదు.

కొందరు కుర్రాళ్లు తెలివిగా ఫొటోలను ఆర్కుట్‌లో పెట్టారు. 2014 సెప్టెంబర్ 30న ఆర్కుట్ మూతపడింది. ఫొటోలు దించుకోవడానికి 2016 దాకా గడువిచ్చినా, మరిచిపోయిన పాస్‌వర్డుల వెనుక ఎన్నో ఆల్బంలు ఉండిపోయాయి. చవక సెల్‌ఫోన్లు, ఆ వెనకే 2016లో జియో రావడంతో కెమెరా డ్రాయర్‌లోకి చేరింది. సెల్లులు లోపలే ఉండిపోయి కారి, పచ్చటి తుప్పు పట్టింది. వానాకాలపు తేమకు లెన్స్ మీద సాలెగూడులా బూజు అల్లుకుంది.

దక్కిన ఫొటోల్లోనూ ఒక మెలిక ఉంది. సెల్లులు తీసి ఎక్కువ కాలం వదిలేస్తే చాలా కెమెరాల్లో గడియారం మొదటికొస్తుంది. మళ్లీ తేదీ పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఫలితంగా రావణ దహనం, మాత పూజ, నాన్న రిటైర్మెంటు అన్నీ ఏదో ఒక సంవత్సరం జనవరి 1న జరిగినట్టు ఫొటో మూలన నారింజ రంగు అంకెల్లో ముద్రపడి ఉంటాయి. యాభై ఏళ్ల తర్వాత ఖరగ్‌పూర్ తెలుగువారి చరిత్ర రాయబోయే పరిశోధకుడు ఈ అంకెలను నమ్మితే, దసరాను కొత్త సంవత్సరం నాడు చేసుకునే వింత ప్రజలని రాసుకుంటాడు.

ఈలోగా ప్రపంచం ఓ చుట్టు తిరిగొచ్చింది. జపాన్ కెమెరా పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కు వస్తే వాటిలో దాదాపు 10.9 కోట్లు లెన్స్ మార్చే వీలులేని చిన్న కెమెరాలే. 2012లో కొడాక్ దివాలా రక్షణ కోరి, డిజిటల్ కెమెరాల తయారీ మానుకుంది. 2023కల్లా చిన్న కెమెరాల సంఖ్య 17 లక్షల చిల్లరకు పడిపోయింది. అయితే 2024లో అది మళ్లీ 18 లక్షలు దాటింది. ఫోన్ ఫొటోల నునుపు మొహంమొత్తిన యువతరం పాత సీసీడీ సెన్సర్ల రంగుల కోసం, ఫ్లాష్ మెరుపు కోసం ఈ కెమెరాలను వెతుక్కుంటోంది. అన్నలు, అక్కలు డ్రాయర్‌లో పడేసిన దాన్ని తమ్ముళ్లు, చెల్లెళ్లు దుమ్ము దులుపుతున్నారు.

ఖరగ్‌పూర్‌కు ఈ మోజు వల్ల ఒక మేలు జరగొచ్చు. కెమెరా కోసం డ్రాయర్ తెరిచిన చేతికి పాత కార్డు కూడా తగులుతుంది. దాన్ని కెమెరాలో పెట్టి కొత్త ఫొటోలు తీసేముందు కార్డు రీడర్‌తో కంప్యూటర్‌కు ఎక్కించాలి. ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోకూడదు. పొరపాటున చెరిపేసినా, వెంటనే వాడటం ఆపేస్తే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగి తీయొచ్చు. తప్పు తేదీని సరిచేసే దారులు ఫొటోలోనే ఉంటాయి. పిల్లాడి స్కూలు యూనిఫాం, గోడ మీది క్యాలెండరు, వెనకాల ఉన్న సినిమా పోస్టరు, బోగీ రంగు. వీటికన్నా నమ్మదగ్గ సాక్షులు ఇంట్లోని పెద్దవాళ్లు. ఫొటోలో మూడో వరుసలో ఉన్నది ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ షాపులో పనిచేశారో చెప్పగలిగింది వారే. ఆ సమాచారం ఏ కార్డులోనూ లేదు. దానికి గడువు సీడీ కన్నా తక్కువ.

2020 డిసెంబర్‌లో, అసెంబ్లీ ఎన్నికలకు కొద్ది నెలల ముందు, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది. ఓట్ల లెక్క ఉన్నా లేకున్నా హోదా హోదానే. కానీ తెలుగు మాధ్యమంలో చదివిన తరం రిటైరైపోయింది. పిల్లలు ఇంగ్లీషు, హిందీ బడులకు మళ్లారు. ఇంట్లో తెలుగు మాట్లాడగలిగినా రాయడం రానివారు పెరుగుతున్నారు. అలాంటి చోట ఫొటో వెనుక నాలుగు తెలుగు మాటలు రాయించి పెట్టుకోవడం చిన్న విషయం కాదు. పేరు, ఊరు, క్వార్టర్ నంబరు, సంవత్సరం. పోస్టుకార్డు సైజు ప్రింటుకు పెద్ద ఖర్చేమీ కాదు.

పాత సెటిల్‌మెంట్ వైపు నడిస్తే కిటికీలు, తలుపులు ఊడిపోయి, గోడలను రావి మొక్కలు చీలుస్తున్న క్వార్టర్లు కనిపిస్తాయి. కొన్నింటి గోడ మీద నంబరు మాత్రం ఇంకా చదవొచ్చు. ఆ నంబరు ముందు ఒకప్పుడు నిలబడి నవ్విన కుటుంబం ఎక్కడో హైదరాబాద్ అపార్ట్‌మెంటులో ఉండొచ్చు. వారి డ్రాయర్‌లో, తుప్పు పట్టిన కెమెరా పొట్టలో, గోరంత కార్డు ఒకటి ఉండొచ్చు. వెయ్యి మీటర్ల ప్లాట్‌ఫాంను పట్టలేకపోయిన ఆ కెమెరా రెండు గదుల ఇంటిని మాత్రం పూర్తిగా పట్టింది. కార్డు బయటికి తీసి చూడటమే మిగిలింది.